పగులుకి అటో మేకు, ఇటో మేకు

ఏప్రిల్లో మా కుజ్‌బాస్‌కి వసంతం
కిందినుంచి వస్తుంది.
పైన ఇంకా మంచే, బొగ్గుదుమ్ము కప్పుకున్న మంచు.
డంపు పాదాల దగ్గర మాత్రం
వేలంత సన్నని ఊట.

దాన్ని మొదట చూసింది క్లావ్దియా తిదికోవా.
నువ్వు చూళ్ళేదా అంటే, చూశాను.
ఊటల్ని చూడ్డానికి నాకు జీతమివ్వరు.
ట్రక్కు ఒలకబోసిన పైమట్టిని
బ్లేడుతో అంచుదాకా తోయడం,
టైర్లు దాటిపోకుండా అక్కడ నడుమెత్తు గట్టు కట్టి
వెనక్కి రావడం, అదీ నా పని.
పన్నెండేళ్ళుగా వెనక్కి వస్తూనే ఉన్నాను.

ఆమె తెలెవుత్ మనిషి.
వాళ్ళ తాతల గుర్రాలు మేసిన బయలు
మా గుట్ట కిందే ఎక్కడో ఉంది.
దాని గురించి ఎప్పుడూ మాట్లాడగా వినలేదు.
రెండు చెక్క మేకులు, మూరెడు పురికొస,
బడిపిల్లల స్కేలు తెచ్చింది.
రాడార్ లేక కాదు. ఎదురుగా బండెక్కి కూర్చుని
రెప్పవేయకుండా చూస్తూనే ఉంటుంది.
"అది ముఖం చూస్తుంది. వీపు ఎవరు చూడాలి?" అంది.
పగులుకి అటో మేకు, ఇటో మేకు.
మధ్యన కొస.

సోమవారం మూడు మిల్లీమీటర్లు.
మంగళవారం నాలుగు.
బుధవారం తొమ్మిది.
నా బూటు అడుగున
అంతకంటే మందం మట్టి ఉంటుంది.

పోయిన శరత్తులోనూ ఇలాగే ఆపించింది.
రెండు షిఫ్టులు పోయాయి. గుట్ట కదల్లేదు.
దానిమీద ఒక కుక్క ఈని, పిల్లల్ని పెంచుకుంది కూడా.
అప్పట్నుంచి ఆమె క్యాంటీన్‌లోకి వస్తే
ఎవడో ఒకడు టేబుల్ని మెల్లగా ఊపేవాడు.
నేనూ ఊపాను.
ఒక్కసారే.

"జనవరిలో ఇక్కడ ఏం పోశారు?"

నలభై డిగ్రీల చలిలో
మంచుని విడిగా ఎవడు ఎత్తుతాడు?
మంచుని పరుపులా పరిచి
దానిమీద కొండని పడుకోబెట్టాం.
ఇప్పుడా పరుపు కరుగుతోంది.
బ్లేడు పట్టినవాడికి అది తెలియకుండా పోదు.

"మంచు కూడా" అన్నాను చివరికి.
రాసుకుంది.
నా పేరు రాయలేదు.

గురువారం ఇరవైరెండు.
ఎర్ర రిబ్బను కట్టేసింది.
ట్రక్కుల్ని మూడు కిలోమీటర్ల చుట్టుదారికి మళ్ళించింది.
గుట్ట కింద పంపుషెడ్డులో ముగ్గుర్ని
టీ గ్లాసులతో సహా బయటికి నడిపించింది.
గోర్దేయ్ ఇల్యిచ్ గొంతు చించుకున్నాడు:
"టన్నుల లెక్క ఎవరు చెప్తారు, నీ స్కేలా?"
ఆ స్కేలే ఆయన చేతికిచ్చింది.
"మీరే కొలవండి. సంతకం పెట్టండి. రిబ్బను విప్పేస్తాను."
ఆయన స్కేలు అటూఇటూ తిప్పి చూసి
తిరిగి ఇచ్చేశాడు.

శుక్రవారం. శనివారం.
గుట్ట గుట్టలాగే ఉంది.
బోనసు పోయింది, వాషింగ్ మిషన్ వాయిదా మిగిలింది.
తిట్టుకున్నాను ఆమెని. దాచడమెందుకు.

ఆదివారం తెల్లవారుజామున
పెద్ద చప్పుడేం రాలేదు.
నిద్రలో మనిషి ఒత్తిగిల్లినట్టు
ఒత్తిగిలింది.
షెడ్డు లేదు. దారి లేదు.
నేను వెయ్యిసార్లు వెనక్కి వచ్చిన ఆ అంచు
దూరంగా, లోయలో,
ఆవిరి కక్కుతూ పడి ఉంది.

రిపోర్టు: ప్రాణనష్టం లేదు. పంపు ఒకటి. మేకులు రెండు.
పేపర్లో ఏమీ రాలేదు.
చావనివాళ్ళ పేర్లు ఎవరు వేస్తారు?
షెడ్డు ముగ్గురిలో ఒకడు ఆ పొద్దున చేపలకి వెళ్ళి
ఒక్కటీ పడలేదని విసుక్కున్నాడట.

సోమవారం ఆమె క్యాంటీన్‌కి వచ్చింది.
ఎవడూ టేబుల్ ఊపలేదు.
చప్పట్లూ కొట్టలేదు.
సూపు తాగి, గిన్నె కడిగి,
నా దగ్గరికొచ్చి నిలబడింది.
"తూర్పు డంపులో?"

చెంచా పక్కన పెట్టి
చెప్పడం మొదలుపెట్టాను.